కోటు లోపల రాసిన పేరు

రూజెనాకి మళ్ళీ ఒక నంబరు ఇచ్చారు. ఈసారి ఇచ్చింది మనవాళ్ళే.

1949 చలికాలంలో ఆవిడ ఇజ్రాయెల్‌లో మన ఉమ్మడి పల్లె తెల్ రోతెమ్ కిబ్బుట్జ్‌లో అడుగుపెట్టిన రెండో రోజు, ఎవరికి ఏ పనో పలక మీద రాసే గియోరా ఆవిణ్ణి లాండ్రీకి వేశాడు. "నీ బట్టల నంబరు రెండు వందల పద్నాలుగు. గుర్తుపెట్టుకో" అన్నాడు. కిబ్బుట్జ్‌లో ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోరు. మూడు వందల మంది చొక్కాలూ, దుప్పట్లూ, మేజోళ్ళూ ఒక్క చోటికే వచ్చి పడతాయి. ఎవరివి ఎవరికి పోవాలో తెలియడానికి ప్రతి గుడ్డ లోపలా చెరగని సిరాతో నంబరు వేస్తారు. ఆ నంబర్లు వేసే పని రూజెనాకి అప్పగించారు. జర్మన్ల చావు క్యాంపు ఆష్విట్జ్‌లో ఎడమచేతి మీద నంబరు పొడిపించుకున్న మనిషి, కుడిచేత్తో కలం పట్టుకుని పన్నెండేళ్ళపాటు మన లోబట్టల మీద నంబర్లు వేసింది. లాండ్రీ ఆవిరికి అందరూ చొక్కా చేతులు పైకి మడుచుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకునే ఉండేది.

మూడు వందల మందిలో ఒక్కరికీ తోచలేదు, ఈవిడ చేత ఇదేం పని చేయిస్తున్నామని. మనది సమానత్వం మీద కట్టుకున్న ఊరు. శనివారం సమావేశాల్లో చిలీ గని కార్మికుల మీదా, కొరియా రైతుల మీదా తీర్మానాలు చేసేవాళ్ళం. లాండ్రీలో జరుగుతున్నది మాత్రం ఏనాడూ చర్చకు రాలేదు.

ఇంకో మాట కూడా ఆవిడ పడింది. యుద్ధంలో చావు తప్పించుకుని వచ్చినవాళ్ళని ఆ రోజుల్లో ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రకారు "సబ్బులు" అనేది. జర్మన్లు మన యూదుల ఒంటి కొవ్వుతో సబ్బు చేశారని ఒక పుకారు. దాని మీద అల్లిన ఎకసెక్కం. తిరగబడకుండా గొర్రెల్లా పోయారని వాళ్ళ ఉద్దేశం. "లాండ్రీకి సబ్బు దొరికిందర్రా" అని భోజనశాలలో ఎవడో అంటే బల్ల బల్లంతా నవ్వింది. రూజెనా తన పళ్ళెంలో దోసకాయ ముక్కలు సన్నగా తరుక్కుంటూ కూర్చుంది. తల ఎత్తలేదు.

ఆవిడది స్లొవాకియాలో ఒక చిన్న ఊరు. పంతొమ్మిదేళ్ళప్పుడు, 1942 వసంతంలో, ఫ్యాక్టరీ పని అని చెప్పి పెళ్ళికాని ఆడపిల్లల్ని రైలెక్కించారు. ఆ రైల్లోంచి తిరిగి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంతకు మించి ఆవిడ గురించి ఊళ్ళో ఎవరికీ తెలియదు. గొణుక్కుంటుందని మాత్రం అందరికీ తెలుసు.

ఇస్త్రీ పెట్టె పట్టుకుందంటే చాలు, పెదాలు కదిలేవి. పెట్టె ముందుకి పోతే ఒక మాట, వెనక్కి వస్తే ఒక మాట. లాండ్రీకి పెద్ద నెహామా. ఈ నేల మీద మొదటి గుడారం వేసిన తరం మనిషి. మనసు మెత్తన, నోరు గట్టి. "మొదలైందమ్మా మన రేడియో" అనేది. "ఏ స్టేషనో కాస్త తిప్పి చూడు రూజెనా, పాటలేమైనా వస్తాయేమో!" కొత్తగా పనికొచ్చిన పిల్లలు భయపడితే, "ఏం లేదే, ప్రార్థన చేసుకుంటుంది. దేవుడు లేడని తీర్మానం చేసిన రోజు ఈవిడింకా రాలేదు, అందుకని తెలియదు" అని నవ్వించేది.

అది ప్రార్థన కాదు. పేర్లు.

ఆ క్యాంపులో రూజెనాని బట్టల కొట్టులో పెట్టారు. రైళ్ళు దిగినవాళ్ళ సామానంతా అక్కడికి వచ్చేది. సామాన్ల వాళ్ళు రారు. ఒక్కో కోటు లోపలి కుట్లు విప్పి, బంగారం దాచారేమోనని తడిమి చూడాలి. అదీ పని. కుట్లు విప్పుతుంటే కాలర్ల లోపలా, జేబుల వెనకా పేర్లు కనిపించేవి. బడి పిల్లలు సిరాతో రాసుకున్నవి, తల్లులు దారంతో కుట్టినవి. ఆ పేర్లు కత్తిరించి పొయ్యిలో పడేయమని ఆజ్ఞ. పడేసేముందు రూజెనా చదివేది. మనిషిని కాపాడే శక్తి తనకి లేదు. గుడ్డని కాపాడే వీలు లేదు. పేరొక్కటే ఒళ్ళంతా వెతికినా దొరకని వస్తువు. రోజుకి ఒకటో రెండో పేర్లు పట్టుకుని, పాతవాటి వెనక కొత్తది చేర్చి, వరస తప్పకుండా నెమరు వేసుకునేది. అలా నాలుగు వందల ముప్పై ఎనిమిది. మన తువ్వాళ్ళ మీద, మన పిల్లల పక్కగుడ్డల మీద ఇస్త్రీ పెట్టె నడిపిస్తూ ఆ నాలుగు వందల ముప్పై ఎనిమిది మందిని ఆవిడ రోజూ పేరుపేరునా పిలిచేది. మనకి వినపడలేదు. మనం విననూ లేదు.

1961 వచ్చింది. జెరూసలేంలో యూదుల్ని రైళ్ళలో ఆ క్యాంపులకి పంపించిన జర్మన్ అధికారి మీద విచారణ మొదలైంది. సాక్షులు ఒక్కొక్కరే లేచి చెప్పడం, అది రేడియోలో రావడం. ట్రాక్టర్లు ఆపి మరీ విన్నాం. లాండ్రీలో నెహామా తడి దుప్పటి చేతిలో పట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడిపోయింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వూ అక్కడే కదా ఉన్నది?"

"ఆఁ."

"పన్నెండేళ్ళయింది ఇక్కడికొచ్చి. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా" అంది రూజెనా. దెప్పిపొడుపుగా కాదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి, ఇస్త్రీ పెట్టె వేడి చూసుకుంది.

ఆ మే నెలలోనే ఆషెర్ కెషెత్‌కి కొడుకు పుట్టాడు. ఆషెర్ చేపల చెరువుల దగ్గర పనిచేస్తాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. కార్పేతియన్ కొండల్లోని ఒక ఊరి నుంచి 1939లో, యుద్ధానికి ముందు వచ్చిన ఆఖరి పిల్లల బృందంలో పద్నాలుగేళ్ళవాడుగా ఇక్కడికి చేరాడు. తల్లి, తండ్రి, నాలుగేళ్ళ తమ్ముడు గెర్షన్ అక్కడే ఉండిపోయారు. 1941 తర్వాత ఉత్తరం లేదు. రెడ్‌క్రాస్‌కి ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు, సమాచారం లేదని. "సమాచారం లేదన్నారు గానీ చనిపోయారని అనలేదుగా" అనేవాడు ఆషెర్. ఆ కొండలు ఇప్పుడు సోవియట్ల కింద ఉన్నాయి, అక్కణ్ణుంచి ఉత్తరాలు రానివ్వరు, ఏ సైబీరియాలోనో ఉండి ఉంటారు. అదీ అతని లెక్క. తప్పిపోయిన బంధువుల కోసం రేడియోలో పేర్లు చదివే వేళకి భోజనశాలలో అతని చెంచా ఆగిపోయేది.

పుట్టిన ఎనిమిదో రోజున సున్తీ చేసి, పదిమందిలో బిడ్డ పేరు చెప్పాలి. మనలో ఎంత నాస్తికుడైనా తప్పనిది ఒకటుంది. బిడ్డకి పోయినవాళ్ళ పేరే పెడతాం, బతికున్నవాళ్ళ పేరు చచ్చినా పెట్టం. ఆషెర్ భార్య ద్రోరా అఫులా ఆసుపత్రిలో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, గెర్షన్ అని పెడదామంది.

"మా తమ్ముణ్ణి చంపుతావా?" అన్నాడు ఆషెర్.

"ఉత్తరం వచ్చి ఇరవై ఏళ్ళయింది ఆషెర్."

"వాడికిప్పుడు ఇరవై ఆరు. రేపు వచ్చి, నా పేరు ఎవరికో ఇచ్చేశారేం అంటే ఏం చెప్పను?"

"వస్తే ఇద్దరు గెర్షన్‌లు ఉంటారు. ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నాకేం బరువు?"

అతను లేచి వచ్చేశాడు. పెద్ద కూతురు పుట్టినప్పుడూ ఇలాగే తల్లి పేరు పెట్టనివ్వలేదు, ఏదో పువ్వు పేరు పెట్టి ఊరుకున్నాడు. ఈసారి ద్రోరా పట్టు విడిచేలా లేదు. ఇంకో పేరేదీ తను పలకనంది.

ఆరో రోజు పొద్దున తల్లీబిడ్డల్ని తీసుకురావడానికి లారీ బయల్దేరుతుంటే ఆషెర్ పండగ చొక్కా బొత్తాం ఊడిపోయింది. పరుగున లాండ్రీకి వచ్చాడు.

"రూజెనా, ఒక్క కుట్టు! లారీ వెళ్ళిపోతుంది."

"విప్పి ఇవ్వు."

"విప్పే టైము లేదు. ఒంటి మీదే వేసెయ్."

రూజెనా సూదిలో దారం ఎక్కించి, ఇంకో దారం ముక్క తుంచి అతని చేతిలో పెట్టింది. "ముందు ఇది నములు. నమిలినంతసేపూ మాట్లాడకు."

శవానికి బట్టలు కుట్టేటప్పుడే కదా ఒంటి మీద ఉంచి కుట్టేది. అందుకని బతికున్నవాళ్ళు దారం నములుతూ, మేం బతికే ఉన్నామని మృత్యువుకి చూపించాలి. మన తల్లులందరూ చేయించినదే. ఆషెర్ నవ్వి దారం నోట్లో వేసుకున్నాడు. "మా అమ్మ కూడా..." అనబోతే, "మాట్లాడొద్దన్నానా?" అని కసిరింది.

"పేరు దొరికిందా మీవాడికి?" అని నెహామా దూరం నుంచి కేకేసింది. అతను నోరు చూపించి చేతులు తిప్పాడు. నెహామా పకపకా నవ్వింది. "చూశావా రూజెనా, మగాణ్ణి నోరు మూయించడానికి ఇంత దారం చాలు!"

రూజెనా నవ్వలేదు. చేతికి పని తగలగానే పెదాలు కదిలాయి. సూది లోపలికి పోతే ఒక పేరు, బయటికి వస్తే ఒక పేరు. ఆషెర్ చెవి ఆవిడ నోటికి జానెడు దూరంలో ఉంది. ఇంత దగ్గరగా ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"హెర్మీనా లోవీ... బేలా షోన్... జెలిగ్ కెస్లర్... ఇలోనా..."

ఆషెర్ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. సూది అతని ఛాతీలో గుచ్చుకుంది. అతను గమనించలేదు. దారం ఉమ్మేశాడు.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"ఏ పేరు?"

"జెలిగ్. జెలిగ్ కెస్లర్."

"ఎవరూ చెప్పలేదు. చదివాను. చిన్నపిల్లాడు, పోయాడు" అంది రూజెనా. "కోటు లోపల రాసి ఉంది."

"నేనే జెలిగ్ కెస్లర్‌ని."

నెహామా చేతిలో బుట్ట జారి పడింది. ఈ దేశంలో దిగగానే అందరం పాత పేర్లు విడిచేసి హీబ్రూ పేర్లు పెట్టుకున్నాం. జెలిగ్ ఆషెర్ అయ్యాడు, కెస్లర్ కెషెత్ అయ్యాడు. ఆ పాత పేరు ద్రోరాకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ళుగా రూజెనా ఆ మనిషి చొక్కాలనే ఇస్త్రీ చేస్తూ, పోయాడనుకుని ఆ మనిషి పేరే రోజూ తలుచుకుంటూ వచ్చింది.

ఆవిడ అతని ముఖం వైపు చాలాసేపు చూసింది. రెండు చేతులూ ఎత్తి అతని చెంపలు తడిమింది. తర్వాత ఏం చెప్పాల్సి వస్తుందో అప్పటికి తోచినట్టుంది, చేతులు దించేసింది.

"ఏ కోటు?" అని అడిగాడు ఆషెర్. ఇరవై ఏళ్ళుగా నోట పలకని పుట్టింటి భాష యిద్దిష్‌లోకి తెలియకుండానే వెళ్ళిపోయాడు.

"ముదురు గోధుమ రంగు ఉన్ని. ఎడమ జేబు లోపల ఊదా సిరాతో రాసి ఉంది. 'జెలిగ్ కెస్లర్ కోటు. తీసినవాడి చెయ్యి విరుగుతుంది.'"

అది రాసింది ఆషెరే. పాలస్తీనాలో ఎండలు, కోటెందుకని తల్లి దగ్గరే వదిలేసి వచ్చాడు.

"ఎంత కోటు అది?"

"ఎనిమిది, తొమ్మిదేళ్ళవాడికి సరిపోయేంత."

"అయితే నాది కాదు!" ఆశగా అరిచాడు. "నాది పద్నాలుగేళ్ళవాడి కోటు!"

"కోసి చిన్నది చేశారు. చేతులు కుదించారు, భుజం దగ్గర పాత కుట్ల గుర్తులు ఉన్నాయి. చేసింది ఎవరో గానీ చెయ్యి తిరిగిన మనిషి."

తల్లి కుట్టుపని చేసేది. ఆషెర్ దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డాడు. అయినా వదల్లేదు. "అమ్ముకుని ఉంటారు. యుద్ధంలో బట్టలు అమ్ముకోరూ? ఎవడి ఒంటి మీదో వచ్చి ఉంటుంది."

ఎదుటి మనిషి ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ నేలని తన మాట లాగేస్తుందని రూజెనాకి తెలుసు. నెహామా వచ్చి రేడియో కట్టేసింది.

"జేబులో కాగితం పువ్వు ఉంది" అంది రూజెనా. "షావుఓత్ కోతల పండక్కి పువ్వులూ జంతువులూ కత్తిరించి కిటికీకి అంటిస్తామే, అది. సగం కత్తిరించి ఉంది. ఎదురుబొదురుగా రెండు జింకలు. ఎడమ జింకకి ఒక్కటే కొమ్ము."

ఆ కొమ్ము పదేళ్ళప్పుడు ఆషెర్ చాకు జారి తెగింది. కాగితం మీద పెట్టి గీసుకునే ఆ తెగిన అచ్చునే తమ్ముడికి ఇచ్చి రైలెక్కాడు. ఏటా పండక్కి నీ అచ్చుతోనే చేస్తున్నాడు, ఒంటికొమ్ము జింకే కావాలంటాడు అని తల్లి ఆఖరి ఉత్తరంలో రాసింది.

"ఏ రోజు?" అన్నాడు ఆషెర్.

"1944లో, షావుఓత్ ముందురోజు. రైలు పొద్దున వచ్చింది, కోటు మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చింది. పువ్వు చూశాకే రేపు పండగని మాకు గుర్తొచ్చింది."

"వాణ్ణి చూశావా? అమ్మని?"

"లేదు. నేను చూసింది కోటు. చూడనిది చెప్పను ఆషెర్. నీకు ఓదార్పు కోసం కూడా చెప్పను." మళ్ళీ తనే అంది. "ఆ పువ్వు నేను పొయ్యిలో వెయ్యలేదు. బూటులో దాచుకున్నా. పండగనాడు హాజరు పిలవకముందు మా బారక్ గోడకి అంటించాం. అరవై మంది ఆడవాళ్ళం వరసగా వచ్చి చూశాం. తర్వాత ముక్కలు చేసి మింగేశాం, దొరక్కుండా. మీ తమ్ముడి వల్ల మాకు ఆ ఏడు పండగ అయింది."

లారీ హారన్ మూడోసారి మోగింది. నెహామా గుమ్మంలోకి వెళ్ళి, "ఆగవయ్యా! మనిషి వస్తాడు, చస్తున్నావా?" అని అరిచి, తన మాటకి తనే నాలుక కరుచుకుంది. ఆషెర్ దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. రూజెనా పక్కన కూర్చుంది. సగం కుట్టిన బొత్తాం వేలాడుతూనే ఉంది. అలాగే లారీ ఎక్కాడు.

ఎనిమిదో రోజున భోజనశాలలో, హెర్రింగ్ చేపల పళ్ళేలూ తేనె కేకులూ సర్దిన బల్లల మధ్య, బిడ్డ పేరు చెప్పమన్నారు. ద్రోరా ఆషెర్ మోచెయ్యి పట్టుకుంది. అతను చెప్పాడు.

"గెర్షన్."

వెనక వరసలో రూజెనా తల వంచుకుని వేళ్ళు మడుస్తోంది. తన వరసలోంచి ఆవిడ ఒక పేరు తీసేసింది. జీవితంలో అలా తీసేసే భాగ్యం ఆవిడకి ఆ ఒక్కసారే దక్కింది. ఆ చోట ముగ్గురిని చేర్చింది. గెర్షన్, తల్లి ఫాని, తండ్రి మోర్.

వారం తిరిగేసరికి షావుఓత్ వచ్చింది. ముందురోజు ఊరంతా ట్రాక్టర్లకి గోధుమ వెన్నులు కడుతోంది. ఆషెర్ ముసలివాళ్ళ చిన్న ప్రార్థన గదికి వెళ్ళాడు. చనిపోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్‌కి పదిమంది మగవాళ్ళుండాలి. ముసలివాళ్ళు నలుగురే ఉన్నారు. మిగతావాళ్ళని పిలవడానికి నెహామా పొలాల మీద పడింది. "దేవుడు లేకపోతే లేడు, నువ్వున్నావు కదా, నడు!" అని తోలుకొచ్చింది. గ్రీజు చేతులతో, బురద బూట్లతో వచ్చి నిలబడ్డారు. వాళ్ళలో ఆ రోజు భోజనశాలలో సబ్బు మాట అన్నవాడు కూడా ఉన్నాడు. పేరు చెప్పను. ముసలాయన ఒక్కో మాట చెబుతుంటే ఆషెర్ తిరిగి పలికాడు. రోజు తెలియక పదిహేడేళ్ళు ఎవరూ చదవని కద్దిష్ అది.

పండగ వెళ్ళిన మర్నాటి నుంచి నెహామా ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు వేసుకుని, బడి నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. "చెప్పు. నెమ్మదిగా. నా రాత కోడి గీతలు." మూడు వారాలు పట్టింది. ఒక్క పేరు దగ్గరా రూజెనా తడుముకోలేదు. ఏ రంగు కోటో, ఏ నెలో, కుట్టు చేతిదో మిషనుదో కూడా చెప్పింది. నకళ్ళు తీసి పట్నంలో పేర్లు భద్రపరిచేవాళ్ళకి పంపాం, పత్రికల్లో వేయించాం. రూజెనా 1983లో పోయింది. ఇప్పటిదాకా పదకొండు పేర్లకి మాత్రమే, వీళ్ళు మావాళ్ళని ఎవరో ఒకరు వచ్చారు.

ఆ మనిషిని మనం పన్నెండేళ్ళ ముందే అడిగి ఉండొచ్చు. అడగకపోవడానికి ఏ అడ్డూ లేదు. పాత గాయం కదపకూడదనే మాట వెనక దాక్కున్నాం. కదపకూడదనుకున్నది వాళ్ళ గాయాన్ని కాదు, మన సుఖాన్ని.

ఇది చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఊళ్ళోనూ ఉంటారు, కళ్ళారా చూసి నోరు విప్పనివాళ్ళు. ఏ యుద్ధమో, ఏ ఊచకోతో, ఏ ఊరు తగలబడిన రోజో వాళ్ళ కళ్ళ ముందు జరిగి ఉంటుంది. ఈ వారమే వెళ్ళండి. వాళ్ళు పని చేసుకునే చోటే కూర్చోండి. ఏం జరిగిందని అడగండి, ఏ రోజని అడగండి, ఎవరెవరని అడగండి. చెబుతుంటే అడ్డురాకండి, ఓదార్చకండి, ఎక్కడో చదివింది చెప్పి సరిదిద్దకండి. వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే రాయండి. రాసి బీరువాలో పెట్టుకోకండి. నలుగురు చదివే చోట పెట్టండి. ఆ పేరు కోసం ఎదురుచూసే మనిషి ఎక్కడ ఉన్నాడో మీకు తెలియదు.